గాలి మీద నెపం

1981 మార్చిలో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో పందుల ఫారాలకు గాలికుంటు వ్యాధి సోకింది. అదే నెలలో సముద్రం మధ్యనున్న జెర్సీ దీవిలోనూ, ఇంగ్లండు దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలోనూ అదే జబ్బు బయటపడింది. బ్రిటనీ నుంచి ఐల్ ఆఫ్ వైట్‌కు 250 కిలోమీటర్ల పైమాటే. దారి పొడవునా దాదాపు నీళ్లే. పందుల ఊపిరితో బయటికొచ్చిన వైరస్‌ను చల్లని తేమగాలి మోసుకెళ్లిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ జబ్బు గాలి మీద ఎంత దూరం పోగలదని ఎవరడిగినా ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇదే.

పాడి రైతుల సమావేశాల్లో ఈ సంగతి చెప్పగానే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "సముద్రాలు దాటొచ్చే రోగానికి పాక తలుపు మూసుకుని ఏం లాభం సార్? గాలిని ఆపుతామా?" ఆ మాటలో తర్కం ఉంది. దాని వెనక ఒక నిశ్చింత కూడా ఉంది. నాకు భయం ఆ నిశ్చింతను చూస్తేనే. మన చేతిలో లేని కారణం ఒక్కటి దొరికితే చాలు, చేతిలో ఉన్న పది పనులూ వదిలేయడానికి మనసు సులువుగా ఒప్పుకుంటుంది. పరీక్ష పోయిన పిల్లవాడూ ఇదే చేస్తాడు, కొట్టు నష్టపోయిన వ్యాపారీ ఇదే చేస్తాడు. కాకపోతే పాకలో ఈ పని చేసినప్పుడు నష్టం మన గడప దగ్గర ఆగదు.

ఐల్ ఆఫ్ వైట్ కథలో రెండో సగం ఎవరూ గుర్తుపెట్టుకోరు. బ్రిటనీలో జబ్బు మొదలైందని తెలియగానే ఇంగ్లండు పశువైద్య పరిశోధకులు వాతావరణ శాఖతో కలిసి గాలి దిశ, తేమ లెక్కగట్టారు. ముప్పు ఎటువైపు ఉందో అంచనా వేసుకున్నారు. దీవిలో జబ్బు కనిపించగానే పట్టుకున్నారు. అది అక్కడితో ఆగింది, ఇంగ్లండు ప్రధాన భూభాగం మీద అడుగు పెట్టలేదు. 250 కిలోమీటర్లు దాటొచ్చిన గాలి, మేలుకుని ఉన్న మనుషుల ముందు ఒక్క దీవితో సరిపెట్టుకుంది.

ఇరవయ్యేళ్ల తర్వాత అదే దేశంలో ఇందుకు పూర్తిగా తిరగబడిన కథ నడిచింది. 2001 ఫిబ్రవరిలో ఉత్తర ఇంగ్లండులోని హెడన్-ఆన్-ది-వాల్ అనే ఊళ్లో ఒక పందుల ఫారంలో జబ్బు ఉంది. సరిగా ఉడకబెట్టని ఎంగిలి కుడితి పందులకు పెట్టారు. జబ్బు కనిపిస్తున్నా యజమాని అధికారులకు చెప్పలేదని తర్వాత కోర్టు తేల్చింది. ఆ ఫారం నుంచి గాలి వైరస్‌ను కొన్ని కిలోమీటర్ల అవతలి పొలానికి చేర్చింది. గాలి చేసింది అంతే. మిగతాదంతా మనుషులు చేశారు. ఆ పొలంలోని గొర్రెలు హెక్సమ్ సంతకు వెళ్లాయి, అక్కడి నుంచి లాంగ్‌టౌన్ సంతకు, అక్కడి నుంచి లారీలెక్కి దేశం నలుమూలలకూ పోయాయి. దక్షిణాన ఎసెక్స్‌లోని ఒక కబేళాలో పందుల్లో జబ్బును గుర్తించి, ఫిబ్రవరి 20న నిర్ధారించేసరికి అది 50కి పైగా పొలాల్లో కూర్చుని ఉంది. పశువుల రవాణా ఆపేసింది 23న. ఆ ఏడాది ముగిసేలోపు 2,026 చోట్ల జబ్బు తేలింది, 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు.

ఈ రెండు కథల్లోనూ గాలి ఉంది. ఎక్కువ దూరం వీచిన గాలి తక్కువ నష్టం చేసింది. తేడా అంతా జబ్బు మొదలైన గంటకూ, ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పిన గంటకూ మధ్య గడిచిన కాలంలో ఉంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆ కాలాన్ని కుదించుకోవడం గురించే.

గాలికి ఏం కావాలి?

ముందు గాలి మీద అనవసర భయం కొంత తగ్గించుకుందాం. వైరస్‌కు రెక్కల్లేవు. జబ్బుపడ్డ పశువు ఊపిరిలో, తుమ్ములో, చొంగ తుంపరల్లో అది బయటికొస్తుంది. అన్నిటికంటే ఎక్కువ వదిలేది పంది. ఒక ఆవు రోజుకు వదిలే వైరస్ కంటే పంది వదిలేది వందల రెట్లు, కొన్ని రకాల వైరస్ విషయంలో వేల రెట్లు ఎక్కువ. పీల్చుకుని జబ్బు తెచ్చుకోవడంలో మాత్రం ఆవూ గేదే ముందుంటాయి. అవి పీల్చే గాలి పరిమాణం ఎక్కువ, అతి కొద్ది వైరస్ చాలు సోకడానికి. పందులున్న చోటి నుంచి ఆవులున్న చోటికి గాలి వీస్తే ప్రమాదం ఎందుకు ఎక్కువో, బ్రిటనీ కథలోనూ హెడన్ కథలోనూ మొదలు పందుల ఫారమే ఎందుకైందో దీంతో తెలిసిపోతుంది. మీ ఊళ్లో పందులు చెరువు గట్టున, పశువుల దొడ్ల మధ్యన యథేచ్ఛగా తిరుగుతుంటే అది పంచాయతీలో ఎత్తాల్సిన విషయం.

గాలిలో ఈ వైరస్ బతకాలంటే తేమ కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే నిలుస్తుంది, పొడి గాలిలో త్వరగా చస్తుంది. నీళ్ల మీద గాలి చెదరకుండా సాగుతుంది కనుక సముద్రం మీద అంత దూరం పోయింది. నేల మీద చెట్లు, ఇళ్లు, గుట్టలు, ఎండకు లేచే వేడిగాలి దాన్ని చెదరగొడతాయి. మన మే నెల మధ్యాహ్నం, నిప్పులు కురిసే ఎండలో వైరస్ గాలి మీద ఊళ్లు దాటిపోవడం కష్టం. వానాకాలపు ముసురు, శీతాకాలపు మంచు రాత్రులు దానికి అనువైనవి. అప్పుడైనా ఒక పాకలో నుంచి పక్క పాకలోకి, ఒకే కప్పు కింద ఈ చివర నుంచి ఆ చివరకు పోవడమే ఎక్కువగా జరిగేది. గాలి ఆడని, కిక్కిరిసిన కొట్టం ఈ జబ్బుకు మంచి ఇల్లు. కనుక గాలి భయంతో పాక చుట్టూ పట్టాలు కట్టేసి ఊపిరాడకుండా చేయడం పొరపాటు. కప్పు ఎత్తుగా, పక్కలు తెరిచి ఉంటేనే మంచిది.

ఒక్క మాట, దారి తప్పి: గాలికి వచ్చే జబ్బులన్నీ ఇలాంటివి కావు. గొర్రెలకొచ్చే నీలినాలుక వ్యాధి వైరస్‌ను మోసేది చిన్న కుట్టుడు దోమ, ఆ దోమను మోసేది గాలి. 2022లో దేశమంతా వణికించిన ముద్దచర్మ వ్యాధికీ ఈగలు, దోమలు, గోమార్లు ముఖ్యం. పొగ పెట్టడం, దోమతెర కట్టడం ఆ రెండింటికీ పనికొస్తాయి, గాలికుంటుకు పనికిరావు. ఏ జబ్బుకు ఏ జాగ్రత్తో తెలియక అన్నిటికీ వేపాకు పొగ వేసి చేతులు దులుపుకునే అలవాటు మనకుంది.

మన కాళ్లు, మన క్యాన్లు

గాలి మోసేది కొంతే. మిగతాది ఎవరు మోస్తారో మీ పాక దగ్గర ఒక ఉదయం కూర్చుని చూడండి. పాలు పితకడానికి వచ్చే మనిషి మీకంటే ముందు మూడిళ్లలో పితికి వస్తాడు, అవే చేతులు, అదే లుంగీ. పాలకేంద్రం నుంచి వెనక్కి వచ్చే క్యాను ఊళ్లో అందరి క్యాన్ల పక్కన కూర్చుని వస్తుంది. ఎద కట్టిందని పిలిస్తే వచ్చే గోపాలమిత్ర బండి ఆ రోజు ఎన్ని దొడ్లు తిరిగిందో మనకు తెలియదు. వరిగడ్డి ట్రాక్టరు, దాణా బస్తాలు, దూడను బేరం చేయడానికి వచ్చి నోరు తెరిచి పళ్లు చూసే దళారి చేయి, ఇవన్నీ ఉన్నాయి. జబ్బుపడ్డ పశువుల మధ్య పనిచేసిన మనిషి ముక్కులో వైరస్ ఒక రోజు దాకా ఉండగలదని పరిశోధకులు చూపించారు. మనుషులకు ఈ జబ్బు దాదాపు రాదు, కాని మోసే పని చేయగలం. (చిన్నపిల్లల చేతులు, కాళ్లు, నోటి దగ్గర పొక్కులతో వచ్చే జబ్బు వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.)

అన్నిటికంటే పెద్దది సంత. పెబ్బేరు సంత కావచ్చు, మీ మండలంలో వారానికోసారి జరిగేది కావచ్చు, అక్కడ కొన్న పశువు ఎంత నిగనిగలాడుతున్నా తిన్నగా పాత పశువుల పక్కన కట్టకండి. జబ్బు లోపల ఉండి పైకి కనిపించడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది, పొక్కులు కనిపించక ముందే వైరస్ బయటికి వస్తూ ఉంటుంది. మూడు వారాలు విడిగా, వేరే తొట్టి, వేరే తాడు. దానికి మేత వేయడం, పాలు పితకడం చివరి పనిగా పెట్టుకోండి. అమ్ముడుపోని పశువును సంత నుంచి వెనక్కి తోలుకొచ్చినా ఇదే పద్ధతి. "మనదే కదా, మన ఇంట్లో పుట్టిందే" అనే మమకారంతో చాలామంది ఇక్కడ నిబంధన సడలిస్తారు.

ఈ వైరస్‌కు ఒక బలహీనత ఉంది. పులుపునూ తట్టుకోలేదు, క్షారాన్నీ తట్టుకోలేదు. అందుకే ఖరీదైన మందులకంటే కిరాణా కొట్లో దొరికే బట్టల సోడా బాగా పనిచేస్తుంది. పది లీటర్ల నీళ్లకు 400 గ్రాములు కలిపి, గోనెసంచి తడిపి పాక గుమ్మంలో పరవండి. చెప్పులు, బకెట్లు, క్యాన్ల బయటివైపు ఆ నీళ్లతో కడగండి. ముందు పేడ పూర్తిగా తీసేయాలి, పేడ కింద దాక్కున్న వైరస్‌ను ఏ మందూ అందుకోలేదు. పేడ తీయకుండా గుమ్మంలో తెల్లటి పొడి చల్లి ఊరుకోవడం చూసేవాళ్ల తృప్తికే.

అయిదు నిమిషాల చూపు

తెల్లవారి పాలు పితికే ముందు పశువుల్ని ఊరికే చూడండి. ఫోను జేబులో పెట్టి. ఏది నెమరు వేయడం లేదు? ఏది కాలు మార్చి మార్చి ఎత్తుతోంది? ఏది పెదవులు చప్పరిస్తూ తీగలు తీగలుగా చొంగ కారుస్తోంది? నిన్నటికంటే పాలు లీటరు తగ్గిందేమి? గాలికుంటుకు మొదటి గుర్తులు జ్వరం, పాలు పడిపోవడం, మేత వదిలేయడం. 104 నుంచి 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా జ్వరం వస్తుంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల సందుల్లో, చన్నుల మీద పొక్కులు లేచి పగిలి పుండ్లవుతాయి. లేగదూడల్లో పొక్కులు రాకముందే గుండె కండరం దెబ్బతిని ఉన్నట్టుండి చనిపోవచ్చు. దూడ పోయినప్పుడు "దిష్టి తగిలింది" అని ఊరుకోకుండా పెద్ద పశువుల నోళ్లు తెరిచి చూడండి.

ఇది నైపుణ్యం కాదు, అలవాటు. ఇంట్లో ఆడవాళ్లకు ఈ అలవాటు ముందునుంచే ఉంటుంది, దూడను విడిచేది, కుడితి కలిపేది వాళ్లే కాబట్టి. "నల్ల బర్రె కుడితి ముట్టలేదు" అని పొద్దున్నే ఆమె చెప్పిన మాటను సాయంత్రం దాకా పట్టించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పగలంతా చెరువు దగ్గర, బీట్లో ఆ పశువు ఊరి మందతో కలిసి తిరుగుతుంది.

నోరు తెరవడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, దీనికి మందు ఏ కొట్లోనూ లేదు. జబ్బు కనిపించిన రోజు రైతు మనసులో నాలుగు భయాలు తిరుగుతాయి. పాలకేంద్రం పాలు వెనక్కి పంపుతుందేమో. బేరం కుదిరిన పశువును కొనేవాడు మానుకుంటాడేమో. ఊళ్లో మన దగ్గరే మొదలైందంటారేమో. అధికారులొచ్చి ఏం చేస్తారో. చివరి భయానికి జవాబు తేలిక: ఇంగ్లండులోలా మందల్ని చంపే పద్ధతి గాలికుంటుకు మన దేశంలో లేదు. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం అంటువ్యాధి అనుమానం రాగానే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పడం, ఆ పశువును విడిగా ఉంచడం యజమాని బాధ్యత. చెప్పినందుకు అధికారుల వల్ల నష్టమేమీ లేదు, మందూ టీకా త్వరగా వస్తాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మిగతా మూడు భయాలు నిజమైనవే, వాటిని కొట్టిపారేయలేను. ఒక పూట పాల డబ్బు పోవడం చిన్న కుటుంబానికి చిన్న విషయం కాదు. కాని లెక్క పూర్తిగా వేయండి. మీరు దాచిన మూడు రోజుల్లో మీ పాకలోని మిగతా పశువులకు, ఆపై ఊరికి పాకుతుంది. వారం తర్వాత ఊరంతటి పాలూ పడిపోతాయి, అప్పుడు ఎవరింట్లో మొదలైందో ఎలాగూ తెలుస్తుంది. మొదట చెప్పినవాడి మీద ఊరికి కోపం రెండు రోజులుంటుంది, దాచినవాడి మీద ఏళ్లు ఉంటుంది.

ఎలా చెప్పాలో ముందే మాట సిద్ధం చేసుకోండి, ఆ గంటలో మాటలు రావు. పక్కింటి వాళ్లతో ఇంత చాలు: "బావా, మా గేదె పొద్దున్నుంచి చొంగ కారుస్తోంది, గాలికుంటేమోనని అనుమానం. డాక్టరుగారికి ఫోను చేశా. తేలేదాకా మీ పశువుల్ని చెరువు కాడికి తోలకు, నేనూ తోలను." ఇందులో క్షమాపణ లేదు, పెద్ద వివరణ లేదు. చివరి రెండు ముక్కలే ముఖ్యం. ఎదుటివాడు ఏం చేయాలో, మీరేం చేస్తున్నారో ఒకే ఊపిరిలో చెప్పారు. పాలు పితికే మనిషికీ అంతే: "రెండు వారాలు మేమే పితుక్కుంటాం తమ్ముడూ, నీ కూలి ఆగదు." రెండో మాట లేకపోతే అతను ఊరుకుంటాడు కాని, చెప్పకుండా ఇంకో గుమ్మం ద్వారా వచ్చిపోతూనే ఉంటాడు.

డాక్టరు వచ్చేలోగా చేయగలిగింది తక్కువే, కాని అవసరం. జబ్బు పశువును గాలి వీచే దిశకు కింది వైపు, ఊరి దారికి దూరంగా కట్టండి. లేత గులాబీ రంగు వచ్చేంత పర్మాంగనేట్ కలిపిన నీళ్లతోనో పటిక నీళ్లతోనో నోరు కడగండి. బోరిక్ పొడి, గ్లిజరిన్ కలిపి నాలుక మీద రాయవచ్చు. ఎండుగడ్డి నమలలేదు, గంజి, రాగి జావ, మెత్తటి పచ్చగడ్డి ఇవ్వండి. గిట్టల పుండ్లకు ఈగలు వాలి పురుగు పట్టకుండా చూడాలి. కాలిన ఇంజిన్ ఆయిలు మాత్రం పోయకండి. వైరస్‌ను చంపే మందు లేదు, డాక్టరు ఇచ్చే యాంటిబయాటిక్ పుండ్లలో చేరే బ్యాక్టీరియా కోసం. దూడకు ఆ తల్లి పాలు తాగించవద్దు. ఇంట్లో వాళ్లు పాలు మరిగించి తాగితే భయం లేదు.

టీకా రోజు కనిపించని పశువులు

2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఉచితంగా వేస్తారు. దేశంలో తిరిగే ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాలకూ ఇందులో రక్షణ ఉంది. ఈ టీకా తయారుచేసే సంస్థల్లో పెద్దదొకటి, ఎన్‌డీడీబీ స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, మన హైదరాబాదులోనే ఉంది. ఇంత దగ్గరగా ఉన్నా, టీకా బృందం వచ్చిన రోజు కొన్ని పశువులు పొలం గట్టున కట్టేసి ఉంటాయి. పాలు తగ్గుతాయని. నిజమే, ఒకటి రెండు రోజులు కొంత తగ్గవచ్చు. గాలికుంటు వస్తే ఆ ఈత మొత్తం దెబ్బతింటుంది. నిండు చూడి పశువు విషయం డాక్టరు నిర్ణయానికి వదిలేయండి, దాచేయకండి. దూడకు నాలుగో నెలలో మొదటి టీకా, నెల తర్వాత రెండోది, ఆపైన ఆరేసి నెలలకు. టీకా సీసా మంచుపెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టినా పాడే. పశువుకు పశువుకూ సూది మార్చమని అడగడానికి మొహమాటపడకండి.

వేసిన రోజునే రక్షణ రాదు, వారం పది రోజులు పడుతుంది. పక్క ఊరికి జబ్బు వచ్చాక పరుగెత్తే వాళ్లు ఈ సంగతి మర్చిపోయి, టీకా తర్వాత వచ్చిన జబ్బుకు టీకానే కారణమంటారు.

మానిన పశువును కూడా వదిలేయకండి. పుండ్లు ఆరినా కొన్ని ఎండకు ఒగురుస్తూనే ఉంటాయి, పాలు పాత స్థాయికి రావు. ఆవుల గొంతులో వైరస్ ఏళ్లతరబడి మిగిలిపోవచ్చు. చివరి పశువు తేరుకున్న తర్వాత కూడా కనీసం నెల రోజులు మందలో కలపకండి, సంతకు తోలకండి. "ఒకసారి వచ్చి పోయింది, ఇక రాదు" అని తర్వాతి టీకా మానేసేవాళ్లున్నారు. 'ఓ' రకం వచ్చి మానిన పశువుకు 'ఏ' రకం నుంచి రక్షణ ఉండదు. చెవి పోగు మీది 12 అంకెల నంబరు, టీకా వేసిన తేదీ గోడ క్యాలెండరు మీద రాసి, ఆరు నెలల అవతలి గడిలో కూడా ఇప్పుడే గుర్తు పెట్టండి. బృందం రాకపోతే మీరే ఫోను చేయండి.